బోరబండ, భరత్‌నగర్, బేగంపేట

పదకొండేళ్లుగా పొద్దున్నే చందానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి లక్డీకాపూల్‌లో దిగుతాను. లేడీస్ కోచ్‌లో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఫోన్ తీయను. మనుషుల్ని చూస్తూ కూర్చుంటాను. ఎవరి కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయో, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారో ముఖం చూస్తే తెలిసిపోతుంది.

నా ముఖాన్ని కూడా ఎవరో అలాగే చూస్తుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు హఫీజ్‌పేట దాటాక నీళ్లు తాగబోతే ఎడమ పక్క నుంచి కారి చీర మీద పడ్డాయి. తుడుచుకుని మళ్లీ తాగాను. మళ్లీ కారాయి. ఎదుటి సీట్లో ఒకావిడ రోజూ కనకాంబరాలు మాల కడుతూ వస్తుంది. ఆమె నన్నే చూస్తోంది. "అక్కా, ఒక్కసారి నవ్వు" అంది. నవ్వాను. ఆమె చేతిలో దారం ఆగిపోయింది.

"మూతి ఒక పక్కకే పోతుంది. ఇయ్యాల ఆఫీసుకు పోకు. దవాఖానకు పోదాం పా."

ఫోన్ కెమెరాలో చూసుకున్నాను. కన్ను మూద్దామంటే ఎడమ రెప్ప సగంలోనే ఆగిపోతోంది. పక్షవాతమే అనుకున్నాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. బేగంపేటలో నా చెయ్యి పట్టుకుని దించి, ఆటో ఎక్కించి, ఆస్పత్రి దాకా వచ్చింది. ఆ పొద్దు ఆమె బేరం ఎంత పోయిందో నేను అడగనేలేదు.

డాక్టర్ కాళ్లూ చేతులూ కదిలించమన్నారు. తర్వాత కనుబొమలు పైకెత్తమన్నారు. నుదుటి మీద కుడి సగంలోనే ముడతలు పడ్డాయి. మెదడులో స్ట్రోక్ వస్తే మూతి వంకరపోయినా నుదురు సాధారణంగా కదులుతుందట. నాకు వచ్చింది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఏడో నరం వాచింది. ముందు షుగర్ టెస్టు చేయించి, పది రోజులకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. అవి 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయన్నారు. ఆమె చూడకపోయి ఉంటే నేను నీరసమనుకుని రెండు రోజులు గడిపేసేదాన్నే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మూతి వంకరపోతే అది ఏ జబ్బో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

"కిటికీ గాలి కొట్టింది, ఎన్నిసార్లు చెప్పాను!" అని అత్తయ్య ఏడ్చింది. డాక్టర్ మాత్రం వైరస్ మీదే అనుమానమన్నారు.

తర్వాతి రోజులు కష్టంగా గడిచాయి. కన్ను ఎండిపోకుండా పగలంతా చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మీద టేపు. అన్నం ఎడమ బుగ్గలో ఇరుక్కుపోయేది, వేలితో తీసుకోవాల్సి వచ్చేది. కుక్కర్ విజిల్ ఆ చెవిలో సూదిలా గుచ్చుకునేది.

పదిహేను రోజులకు మాస్క్ పెట్టుకుని మళ్లీ రైలెక్కాను. చూపు మాత్రం మారిపోయింది. ఇదివరకు మనుషుల్ని చూసేదాన్ని, ఇప్పుడు పెదవుల్నే చూస్తున్నాను. ఒకామె పెదవుల మధ్య పిన్నులు పట్టుకుని జడ చుట్టుకుంటోంది. ఇంకొకామె అరచేతిలో పల్లీలు నలిపి ఉఫ్‌మని పొట్టు ఊదేసింది. ఆ ఊదడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో అద్దం ముందు ఎంత ప్రయత్నించినా నా గాలి ఎడమ మూల నుంచి తుస్సుమని పోయేది.

ఫిజియోథెరపీలో బలవంతం చేయొద్దు, అద్దంలో చూస్తూ మెల్లగా కదిలించమన్నారు. ప ఫ బ భ మ పలకమన్నారు. అన్నీ పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు. రైల్లో అద్దం లేదు కానీ స్టేషన్లున్నాయి. బోరబండ, భరత్‌నగర్, బేగంపేట. మైకులో పేరు రాగానే మాస్క్ కింద మెల్లగా అనేదాన్ని. మొదట్లో "వోరవండ" అనే వచ్చేది. ఐదో వారంలో ఒకరోజు రెండు పెదవులూ తగిలి "బ" పలికింది. భరత్‌నగర్ వచ్చేదాకా బోరబండ, బోరబండ అనుకుంటూనే ఉన్నాను.

పూలావిడ రోజూ "ఏదీ, మాస్క్ తియ్యి, నవ్వు" అనేది. పరీక్షగా చూసి, "నిన్నటి మీద జర నయం" అనో "నిన్నటి లెక్కనే ఉంది" అనో చెప్పేది. మెచ్చుకోలు కోసం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. మూడో నెలలో ఒక పొద్దున చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఒక మూర తెంపి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఐదో నెల. మాస్క్ లేదు, కిటికీ సీటు మళ్లీ నాదే. నిన్న తనకూ నాకూ ఇడ్లీ తెచ్చాను. తింటుంటే నా ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

"నమిలినప్పుడు ఎడమ కన్ను జర మూసుకుంటుంది అక్కా. డాక్టర్‌కు చెప్పినవా?"

చెప్పలేదు. శనివారం వెళ్తున్నాను.