నేను పట్టిన పద్నాలుగు వేరియబుల్ స్టార్లు

నా దగ్గరున్నది 60 ఎంఎం టెలిస్కోప్, దానికో బ్లాక్ అండ్ వైట్ కెమెరా, అంతే. చిన్నదే కానీ ఫ్రేమ్‌లో మూడు డిగ్రీల ఆకాశం పడుతుంది, అంటే నిండు చందమామలు ఆరు వరసగా పెట్టినంత. ఒక్కో ఫొటోలో వందల నక్షత్రాలు, వాటిల్లో వెలుగు మారేవేవో సాఫ్ట్‌వేరే చెప్తుందిలే అనుకున్నా. చెప్పింది కూడా, మొదటి వారంలోనే పద్నాలుగు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తీరా చూస్తే దాదాపు అన్నీ ఫ్రేమ్ అంచుల్లోనే. ట్రాకింగ్ (నక్షత్రాల వెంట టెలిస్కోప్ తిరగడం) సరిగ్గా లేక రాత్రంతా ఫ్రేమ్ మెల్లగా జరుగుతోంది, మూలల్లో ఎలాగూ వెలుతురు తక్కువ పడుతుంది, దాంతో అటు జరిగిన ప్రతి నక్షత్రమూ మసకబారినట్టే లెక్క వస్తోంది. ఫ్లాట్లు, అంటే మూలల్లో వెలుతురు ఎంత తగ్గుతోందో చూపించి లెక్క సరిచేసే ఖాళీ తెల్ల ఫొటోలు, తీయడానికి బద్ధకించిన ఫలితం. టెలిస్కోప్ మూతికి తెల్ల టీషర్ట్ బిగించి కట్టి, తెల్లారేటప్పుడు ఆకాశం వైపు తిప్పి ఫ్లాట్లు తీసి మళ్లీ లెక్కేస్తే రెండే మిగిలాయి. అందులో ఒకటి అసలు ఒక నక్షత్రమే కాదు, పక్కపక్కనున్న రెండు కలిసిపోయి ఫోకస్ మారినప్పుడల్లా ఒకదాని వెలుగు ఇంకోదాని లెక్కలో పడుతోంది.

మిగిలింది సప్తర్షి మండలంలోని డబ్ల్యూ ఉర్సే మేజోరిస్, 1903లోనే కనిపెట్టేశారు. ఒకదాన్నొకటి తాకుతూ తిరిగే జంట. సరే దీన్నైనా పూర్తిగా చూద్దామని రోజూ రాత్రి 9కి మొదలెట్టి 12కి పడుకునేవాణ్ణి, వెలుగు గ్రాఫ్‌లో రోజూ అదే టైముకి అదే వంపు వస్తోంది, మిగతా గ్రాఫ్ ఖాళీ! నాలుగో రోజుకి వెలిగింది: దీని పీరియడ్, అంటే ఒక చుట్టుకి పట్టే టైము, ఇంచుమించు 8 గంటలు, రోజుకి దాదాపు మూడు చుట్లు, ఇక నాకు వేరే ముక్క ఎలా దొరుకుతుంది.

చివరికి ఒక రాత్రంతా కూర్చున్నా. గ్రాఫ్‌లో వెలుగు తగ్గిన చోట రెండు గుంటలు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం పీరియడ్ 4 గంటలంది, గుంటలు రెండూ దాదాపు ఒకేలా ఉంటే దానికి తేడా ఎలా తెలుస్తుంది పాపం. దగ్గరగా చూస్తే రెండోది కాస్త లోతు తక్కువ, జంటలో ఒకసారి ఇది దానికి అడ్డం, ఇంకోసారి అది దీనికి. అన్ని రాత్రుల కొలతల్నీ 8 గంటల ముక్కలుగా మడత పెట్టి ఒకదాని మీద ఒకటి వేయగానే చుక్కలన్నీ ఒక గీత మీదకి వచ్చి కూర్చున్నాయి.

నిన్న ఆకాశంలో ఇంకో చోట కొత్తది ఒకటి దొరికింది. మూలలోనే ఉంది. ఫ్లాట్లు మళ్లీ తీయాలి.