కాడి, ఐదు బాణాల బ్యాడ్జీ

తిరుపతిలో పాత నాణేలు, బ్యాడ్జీలు పోగేసే మా గ్రూపులో ఈమధ్య కాడి, ఐదు బాణాల గుర్తుండే స్పెయిన్ బ్యాడ్జీ ఫొటోలు ఎక్కువ తిరగతాండాయి, భలే ఉందే అంటాండారు గానీ దాని వెనక కథ ఎవరూ అడగడంల్యా. ఆ గుర్తు మొదట ఇసబెల్లా, ఫెర్డినాండ్ రాజదంపతులది, తర్వాత ఫలాంజే అనే స్పెయిన్ ఫాసిస్టు పార్టీ వాడుకునింది. 1940 డిసెంబర్ 6న స్పెయిన్ నియంత ఫ్రాంకో చట్టం చేసి ఫ్రెంతే దే హువెంతూదెస్ అనే ఆ పార్టీ యువజన సంస్థ పెట్టినాడు, పిల్లోళ్ళకి నీలం చొక్కా, ఎర్ర టోపీ, క్యాంపులు, కవాతులు, అందరికంటే చిన్నోళ్ళని పెలాయోస్ అనేవాళ్ళు. స్కౌట్లను నిషేధించేసినారు! ఆడుకునే వయసులో పార్టీ యూనిఫాం తొడిగేది ఏం న్యాయమబ్బా, నాకు కోపమొచ్చేది ఈడనే. 1960లో ఆ వరసలోనే ఓహే అనే యువజన సంస్థ వచ్చింది, అది ఇప్పటికీ ఉంది. బ్యాడ్జీ కొంటే కొనండి, పక్కన ఈ చరిత్ర కూడా రాసిపెట్టండి.