పీజీ దాకా ఆగొద్దు, డిగ్రీలోనే బోటెక్కండి

సముద్ర శాస్త్రం మీద మనసున్న పిల్లలు డిగ్రీలో ఉండగానే సముద్రం మీదకి వెళ్లి నీటి శాంపిళ్లు తియ్యాలా, పీజీలో చూసుకోవచ్చు కదా అని విశాఖలో తల్లిదండ్రులే కాదు, కొంతమంది లెక్చరర్లు కూడా అంటుంటారు. డిగ్రీలోనే వెళ్లాలి అంటాను నేను. పీజీలో చేరేసరికి సబ్జెక్టు ఖాయమైపోతుంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్లప్పుడే బోటెక్కితే ఒంటికి సముద్రం పడుతుందో లేదో, నీళ్లు తియ్యడంలో మనసుందో, తెచ్చిన అంకెలతో కూర్చోవడంలో మనసుందో తెలిసిపోతుంది. అప్పటికి దారి మార్చుకోవడానికి ఇంకా టైముంటుంది.

పైగా ఇది విశాఖ. 1950ల మొదట్లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి నౌకాదళ ఓడల మీద బంగాళాఖాతాన్ని కొలవడం మొదలుపెట్టారు. మన తీరానికి ఎదురుగా సముద్రగర్భపు వాలులో ఉన్న లోయలకి ఆంధ్రా, మహదేవన్ అనే పేర్లు ఆయన పని వల్లే వచ్చాయి. మహదేవన్ గారు ఇక్కడి జియాలజీ ప్రొఫెసర్. ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అంటే ఎన్ఐఓ, పుట్టింది 1966లో. అంతకు పదేళ్ల ముందే వాల్తేరు పిల్లలు ఉష్ణోగ్రతలు తీసి గ్రాఫులు గీస్తున్నారు. ఇప్పుడు ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం లాసన్స్ బే కాలనీలో ఉంది. సముద్ర చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్ఆర్ఐ, ఫిషరీ సర్వే కేంద్రాలు కూడా ఊళ్లోనే ఉన్నాయి. అడగడానికి వెళ్లాలంటే సిటీ బస్సు చాలు.

పెద్ద ఓడ కోసం చూస్తూ కూర్చోవద్దు. సాగర్ కన్య, సింధు సాధన లాంటి ఓడల్లో బెర్తులు తక్కువ. అవి పరిశోధక విద్యార్థులకే చాలవు. డిగ్రీ వాళ్లకి సరిపోయేది ఫిషింగ్ హార్బర్ నుంచి అద్దెకి తీసుకునే మరపడవ. ఒకటే స్టేషన్ (అంటే నీళ్లు తీసే చోటు), 30 మీటర్ల లోతు, పదిహేను రోజులకోసారి, ఏడాది పొడుగునా. పది స్టేషన్లు ఒక్కసారి చూసి రావడం కన్నా ఒకే చోటికి ఇరవై సార్లు వెళ్లడం ఎంతో మేలు. మన సముద్రం ఋతువుని బట్టి అంతగా మారుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో నైరుతి గాలి తీరం వెంబడి వీస్తూ పైనీళ్లని తీరం నుంచి సముద్రం లోపలికి నెడుతుంది. వాటి చోటులోకి కిందినుంచి చల్లటి, ఉప్పటి, ఆక్సిజన్ తక్కువున్న నీరు పైకి వస్తుంది. వానాకాలం చివర్లో ఇదంతా తలకిందులవుతుంది. నదుల మంచినీళ్లు తీరం వెంట దిగొచ్చి ఉప్పదనం బాగా పడిపోతుంది, పైన తేలికపాటి పొర మూతలా కూర్చుంటుంది.

ప్లాను వేసేటప్పుడు చాలామంది మర్చిపోయేది చేపల వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు హార్బర్‌లోనే ఉంటాయి. కింది నీరు పైకొచ్చే కాలంలో కొంత అక్కడే పోతుంది. అందుకని మొదటి ట్రిప్పు జనవరిలో పడాలి. మార్చిలో మొదలుపెట్టినవాళ్లకి నిషేధానికి ముందు మహా అయితే మూడు ట్రిప్పులే దక్కుతాయి. ఇంకో విషయం, ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. ఓడలు వచ్చిపోయే ఛానెల్‌నీ, లంగరేసే చోటునీ తప్పించి స్టేషన్ పెట్టుకోవాలి. ఏ రోజు, ఏ చోట, ఎంతమంది అన్నది కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి ముందే అనుమతి తీసుకోవాలి.

బోటు తెల్లవారుజామున నాలుగున్నర, ఐదుకి కదలాలి. పొద్దెక్కాక సముద్రపు గాలి బలపడితే చిన్న బోటు మీద సీసా నిలబెట్టడమే కష్టం. ముందురోజు సాయంత్రం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూడండి. ఆ తర్వాత బోటు నడిపే సరంగుని అడగండి. ఆయన వద్దంటే ఆ రోజుకి మానెయ్యండి, సూచన ఎంత బాగున్నా సరే.

ఇక అసలు పని. కావలసిన లోతులో నీళ్లు పట్టే నిస్కిన్ బాటిల్‌ని తాడుకి కట్టి, రెండు మూతలూ తెరిచి దింపుతాం. పైనుంచి మెసెంజర్ అనే ఇత్తడి బరువు వదిలితే అది జారుకుంటూ వెళ్లి మూతలు మూసేస్తుంది. దింపే ముందు సీసా పైభాగంలో గాలి వదలడానికి ఉన్న మర బిగించి ఉందో లేదో చూసుకోవాలి. వదులుగా ఉంటే పైకి వస్తున్నంతసేపూ నీళ్లు కారిపోయి, పై పొరల నీరు కలుస్తుంది. ప్రవాహం ఉన్నరోజు తాడు నిటారుగా దిగదు. 30 డిగ్రీలు వాలితే 30 మీటర్ల తాడు వదిలినా సీసా 26 మీటర్ల దగ్గరే ఉంటుంది. నిజంగా 30 మీటర్లు చేరాలంటే దాదాపు 35 మీటర్లు వదలాలి. ఒక కోణమానిని, దానికి దారంతో కట్టిన చిన్న బరువు ఉంటే ఈ వాలు కొలవొచ్చు. కొలవకపోతే 'అడుగు నీరు' అని రాసుకున్నది అడుగుది కాదు.

సీసా డెక్కు మీదకి రాగానే అన్నిటికన్నా ముందు ఆక్సిజన్‌కి నీళ్లు తియ్యాలి. ఇక్కడ ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. మర తెరిచిన క్షణం నుంచి నిస్కిన్‌లోకి గాలి చేరుతుంది. మెత్తటి సిలికాన్ గొట్టాన్ని 125 మిల్లీలీటర్ల గాజుసీసా అడుగుదాకా పెట్టి, బుడగ రాకుండా నెమ్మదిగా నింపాలి. సీసాకి రెండు మూడింతల నీరు పొర్లిపోయాక గొట్టాన్ని మెల్లగా పైకి తియ్యాలి. వెంటనే, నీటిలోని ఆక్సిజన్‌ని ముద్దగా పట్టి ఉంచడానికి, మాంగనస్ ద్రావణం ఒక మిల్లీలీటరు, ఆల్కలీన్ అయోడైడ్ ఒక మిల్లీలీటరు, పిపెట్ మొన నీటిలో ముంచి వదలాలి. మూత పెట్టి, బుడగ లేదని వెలుతురులో చూసి, ఇరవైసార్లు తలకిందులు చెయ్యాలి. ఒక్క బుడగ ఉన్నా ఆ శాంపిల్ పారెయ్యాల్సిందే. అడుగు నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఆ బుడగ అంకెని పైకి లాగుతుంది, చూడాల్సిన మార్పుని సరిగ్గా అక్కడే కప్పేస్తుంది.

పైనీటి సీసాలో ముదురు గోధుమరంగు ముద్ద దిగుతుంది. మార్చి నెలలో అడుగు నీటి సీసాని దాని పక్కన పెట్టి చూడండి, అందులో ముద్ద పాలిపోయి ఉంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ రంగు తెలుపువైపు జరుగుతుంది. పుస్తకంలో బొమ్మగా చదివింది చేతిలో రంగుగా కనిపిస్తుంది. చాలామంది పిల్లలకి ఈ చదువు మీద ఇష్టం పుట్టేది ఆ రెండు సీసాల దగ్గరే.

టైట్రేషన్ బోటు మీద చెయ్యొద్దు. సీసాల మూతల చుట్టూ నీళ్లు నిలిపి, చీకట్లో ఉంచి, తీరానికొచ్చాక ఆమ్లం వేసి ముద్ద కరిగించి 0.01 నార్మల్ థయోసల్ఫేట్‌తో చెయ్యండి. థయోసల్ఫేట్ బలం నిలకడగా ఉండదు కాబట్టి దాన్ని ఏ రోజుకారోజు అయోడేట్‌తో సరిచూసుకోవాలి. పిండి ద్రావణం ముందే పోస్తే ముగింపు రంగు ఈడుస్తుంది. లేత గడ్డిరంగు వచ్చాకే వెయ్యాలి. రెండు రసాయనాలు వేసినప్పుడు రెండు మిల్లీలీటర్ల నీరు బయటికి పోయింది కదా, ఆ 125/123 లెక్క కూడా కలపాలి. డిగ్రీ ప్రాజెక్టుల్లో ఇది తరచుగా మర్చిపోతారు.

పోషకాల శాంపిళ్లకి చేపల బోటే పెద్ద శత్రువు. డెక్కంతా చేపల జిగురు, పైన డీజిల్ పొగ. ఆ చేత్తో సీసా మూత లోపలివైపు తాకితే అమ్మోనియా, ఫాస్ఫేట్ అంకెలు ఎందుకూ పనికిరావు. ప్లాస్టిక్ సీసాల్ని సబ్బుతో కడగకుండా 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. నింపే ముందు అదే నీళ్లతో మూడుసార్లు తొలచాలి. నైట్రేట్, ఫాస్ఫేట్‌ల సీసాలు మైనస్ 20లో గడ్డకట్టించొచ్చు. సిలికేట్‌ది మాత్రం చల్లగా ఉంచితే చాలు. గడ్డకడితే సిలికేట్ అణువులు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి లెక్కకి అందవు.

ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే చిన్న జీవాలు, పట్టే వల గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. అర మీటరు వ్యాసం ఉన్న వలని రెండు నాట్ల వేగంతో పది నిమిషాలు లాగితే కాగితం మీద 120 ఘనపు మీటర్ల నీరు వడకట్టినట్టు. వికసించిన నాచు 200 మైక్రాన్ల కన్నుల్ని మూసేస్తే అందులో సగం కూడా లోపలికి పోదు. వల నోట్లో లోపలికి పోయే నీటిని కొలిచే ఫ్లోమీటర్ లేకుండా తెచ్చిన లెక్క ఎవరూ నమ్మరు.

అన్నిటికన్నా తక్కువ గౌరవం దక్కేది లాగ్‌షీట్‌కి. ఎక్కువ పనులు చెడేది కూడా అక్కడే. జీపీఎస్ మీద 17 డిగ్రీల 41.5 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని ఎక్సెల్‌లో 17.415 అని కొడతారు. అసలు అంకె 17.692. ఆ ఒక్క పొరపాటుతో స్టేషన్ దక్షిణానికి 30 కిలోమీటర్లు జరిగిపోతుంది. నేల మీద పడితే మ్యాపులో చూడగానే దొరికిపోయేది. సముద్రంలోనే పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. టైము కూడా అంతే. మన ఉదయం ఐదు గంటలంటే యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ముందురోజు రాత్రి పదకొండున్నర, తారీఖే మారిపోతుంది. ఏ టైమో షీటు నెత్తిమీదే రాయాలి. పెన్సిల్‌తో రాయాలి, తడిస్తే ఇంకు పోతుంది. తప్పు రాస్తే చెరపకుండా గీత కొట్టి పక్కన రాయాలి. సీసా మీద లేబులూ షీటులో నంబరూ ఒకటేనా అని ఇద్దరు చూడాలి, ఒకరు చదువుతూ, ఒకరు వింటూ.

వాంతుల భయం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది నిలవదు. మత్తుగా ఉంటుంది కాబట్టి ఆ రోజు తాడు చుట్టే యంత్రం, అంటే వించ్, దగ్గర నిలబడొద్దు. ఖాళీ కడుపుతో రావొద్దు, రెండు ఇడ్లీలు తిని రండి. మూడు నాలుగు ట్రిప్పులకి చాలామందికి అలవాటవుతుంది. కొందరికి ఎప్పటికీ అవదు. వాళ్లు ఓడిపోయినట్టేమీ కాదు, వాళ్ల సంగతి కింద చెప్తాను.

అమ్మాయిల విషయంలో దాటవేయకుండా మాట్లాడుకోవాలి. మరపడవల్లో మరుగుదొడ్డి ఉండదు. ఐదారు గంటలు నీళ్లు తాగకుండా బిగబట్టుకుని పని చెయ్యమనడం అన్యాయం, ఎండలో ప్రమాదం కూడా. క్యాబిన్ వెనక టార్పాలిన్‌తో చాటు కట్టించి, బకెట్టు ఏర్పాటు చేసి, ఆ మాట బోటు మాట్లాడుకునేటప్పుడే సరంగుతో తేల్చుకోవాల్సింది లెక్చరరు. ఆ పని ఆడపిల్లల మీద వదలకూడదు. ఎన్ఐఓలో పనిచేసిన అదితి పంత్ 1983-84లోనే అంటార్కిటికా వెళ్లి వచ్చారు. నలభై ఏళ్ల తర్వాత మనం ఒక టార్పాలిన్ దగ్గర ఆగిపోకూడదు.

ఇదంతా ఉద్యోగానికి ఎలా పనికొస్తుందంటే, ఇలా ఏడాది పనిచేసిన విద్యార్థి దగ్గర సర్టిఫికెట్ కన్నా గట్టిది ఒకటి ఉంటుంది: ఒక అంకె ఎలా పుట్టిందో మొదటినుంచి చివరిదాకా చెప్పగలగడం. పెద్ద ఓడ మీద రాత్రి రెండింటికి స్టేషన్ వస్తుంది. పక్కన ఎవరూ నిలబడకుండా ఆక్సిజన్ సీసాలు నింపగలవాళ్లు ఎవరని చీఫ్ సైంటిస్టు వెతుక్కుంటాడు. ఆ పేరు మీదైతే తర్వాతి క్రూజ్ మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

కెమిస్ట్రీ పిల్లలకి ఎన్ఐఓ ప్రాజెక్టులు, పోర్టుల, పరిశ్రమల తీరజలాల పరీక్షలు ఉన్నాయి. జువాలజీ, ఫిషరీస్ వాళ్లకి సీఎంఎఫ్ఆర్ఐ, ఫిషరీ సర్వే. జియాలజీ వాళ్లు పీజీ అయ్యాక యూపీఎస్సీ పెట్టే జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జీఎస్ఐలో చేరొచ్చు, అక్కడ సముద్ర రత్నాకర్ ఓడ ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకి, సముద్రం అస్సలు పడనివాళ్లకి కూడా, హైదరాబాద్ ఇన్‌కాయిస్ దారి ఉంది. ఆర్గో తేలియాడే పరికరాలు పదిరోజులకోసారి 2000 మీటర్ల లోతునుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం పంపుతాయి. ఆ డేటా అందరికీ ఉచితం. కంప్యూటర్ ముందు కూర్చునే పనే అయినా, ఒక్క ఏడాది తాడు పట్టుకున్నవాడికి చెడ్డ డేటా కంటికి ఆనుతుంది. ఎంత గట్టిగా చెప్పినా ఈ మాట తక్కువే.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో భూమి, వాతావరణ, సముద్ర శాస్త్రాలకి విడిగా పేపరుంది. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. అంతకన్నా ముందు, డిగ్రీలోనే, సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి అప్లై చెయ్యండి. అది రెండు నెలల పని. అప్లికేషన్లు మామూలుగా శీతాకాలంలోనే ముగుస్తాయి. అందులో ఏం చెయ్యాలనుకుంటున్నారో రాయమంటారు. 'సముద్రమంటే ఆసక్తి' అని రాసిన కాగితానికీ, 'మార్చిలో 28 మీటర్ల దగ్గర ఆక్సిజన్ ఎందుకు పడిపోయిందో తేల్చుకోవాలి' అని రాసిన కాగితానికీ తేడా చదివేవాళ్లకి ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

జనవరిలో బోటెక్కాలంటే అక్టోబరులోనే కదలాలి. లెటరు, బోటు, లైఫ్ జాకెట్లు, రసాయనాలు అన్నీ చివర్లోనైనా దొరుకుతాయి గానీ, కాలేజీలో మైనస్ 20 ఫ్రీజర్లో చోటు దొరకదు. నెలకి రెండు ట్రిప్పులు, ట్రిప్పుకి మూడు లోతులు, లోతుకి రెండు సీసాలు చొప్పున ఏడాదికి వందకి పైగా సీసాలు అవుతాయి. ఒక అర మీ పేరున రాయించుకుని, కరెంటు పోతే జనరేటర్ దానికి కూడా వస్తుందో లేదో ల్యాబ్ అసిస్టెంటుని అడిగి రండి.