మూడా, నాలుగా?

ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ రోజు మా తొమ్మిదేళ్ళవాడు ఇంగ్లండ్ టీషర్ట్ వేసుకుని సోఫాలో బైఠాయించాడు. నీలం చొక్కా వేసుకోరా అంటే వినడు. గుండెల మీది బొమ్మ చూపించి, "మనవి మూడు సింహాలు నాన్నా" అన్నాడు.

ఆ "మనవి" దగ్గర నాకు చురుక్కుమంది. పిల్లలకి ఆటల్లో పక్షాలు అంటగట్టకండని అందరికీ సలహాలిచ్చేది నేనే. ఆ టీషర్ట్ సేల్‌లో కొన్నదీ నేనేనని వంటింట్లోంచి మా ఆవిడ గుర్తుచేసింది.

ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "మనముంటున్న ఈ ఇంగ్లండ్ అడవుల్లో సింహమే లేదురా. ఎప్పుడో 1198లో రిచర్డ్ రాజు తన ముద్ర మీద వేయించుకున్న బొమ్మలవి. మనవి గిర్ అడవిలో నిజంగా తిరుగుతున్నాయి" అన్నాను.

"గిర్ వైజాగ్ పక్కనా?"

గుజరాత్ అని చెప్పేసరికి నా గొంతు కాస్త తగ్గింది. పేరుకి సింహాచలమే గానీ, ఆ కొండ మీదా సింహం తిరిగిందని నేనెప్పుడూ వినలేదు.

సొరుగులోంచి క్యాన్సిల్డ్ ముద్ర పడిన పాత పాస్‌పోర్ట్ తీశాను. అట్ట మీద ఉన్నవి సారనాథ్‌లో అశోకుడి స్తంభం మీది సింహాలనీ, 1950 జనవరి 26 నుంచి అదే మన దేశ చిహ్నమనీ చెప్పాను. వాడు వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇక్కడా మూడే."

"నాలుగోది వెనక ఉంటుంది. బొమ్మలో కనబడదు."

"కనబడకపోతే ఉందని నీకెలా తెలుసు?"

సింహాద్రి అప్పన్న ఆదుకున్నాడు. స్వామి ఏడాదంతా చందనం కిందే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం, మిగతా రోజులు లేడనుకుంటామా అన్నాను. భలే చెప్పాననుకున్నాను.

"ఆ రోజు నువ్వు చూశావా?"

లేదు. వైజాగ్‌లో పుట్టి పెరిగి, ఆ రద్దీకి జడిసి ఒక్క ఏడూ వెళ్ళలేదు. సారనాథ్ సరేసరి.

ఇప్పుడు నేను వాడే పాస్‌పోర్ట్ మీదా ఓ సింహం ఉంది, ఒంటికొమ్ము గుర్రానికి ఎదురుగా నిలబడి. దాని సంగతి వాడు అడగలేదు. నేనూ ఎత్తలేదు.

"ట్రాఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగున్నాయి. చుట్టూ తిరిగి లెక్కపెట్టుకోవచ్చు" అని టీవీ సౌండ్ పెంచాడు.

వాడి మూడో ఏట ఆ కంచు సింహం ముందు నిలబెట్టి ఫొటో తీసింది నేనే. అమ్మకి పంపితే మురిసిపోయి ఫ్రేము కట్టించింది. ఇప్పటికీ వైజాగ్ ఇంట్లో హాల్లో ఉంది, అప్పన్న పటం పక్కనే.