ఇతరములు

మంగళవారం. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది.

పొద్దున ఐదింటికే లేచి ఎంఐఎస్ పుస్తకం తెరిచాను. అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, మేనేజర్లకు సమాచారం అందించే వ్యవస్థల గురించి. మళ్ళీ అదే పిరమిడ్. అడుగున రోజువారీ లావాదేవీలు నమోదు చేసే వ్యవస్థ, దాని మీద మేనేజర్లకు రిపోర్టులిచ్చే వ్యవస్థ, ఆపైన నిర్ణయాలకు సాయపడేది, కొసన పెద్దవాళ్ళ కోసం ఇంకొకటి. ఈ బొమ్మ ఇప్పటికి ఆరుసార్లు గీశాను, కళ్ళు మూసుకునైనా గీయగలను. బొమ్మ ఉంటే చాలు సగం మార్కులు పడతాయని మా బ్యాచ్‌లో ఒక నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో గానీ అందరం పట్టుకుని వేలాడుతున్నాం.

మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ రాబర్ట్ ఆంథొనీ 1965లో చేసిన విభజన కూడా చదివాను: వ్యూహం వేసేవాళ్ళు, నియంత్రించేవాళ్ళు, పని నడిపేవాళ్ళు. గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1971లో దీన్ని తీసుకుని, నిర్ణయం ఎంత లెక్కకు అందుతుందన్న ప్రశ్నతో కలిపి ఒక పట్టిక వేశారు. అప్పటిదాకా ఎంఐఎస్ అని కట్టినవాటిలో ఎక్కువ భాగం ముందే లెక్క తెలిసిన పనులకే పనికొస్తున్నాయని వాళ్ళ ఫిర్యాదు. దాని కింద గీత గీసి ఆఫీసుకు బయల్దేరాను.

మంగళవారమంటే నాకు రిపోర్టు రోజు. ఆర్డర్ల మీద పద్నాలుగు పేజీలు. అందులో తొమ్మిదో పేజీ ఎవరూ చూడరు. పోయిన నెల ఆ పేజీలో ఒక కాలమ్ అంతకు ముందు వారం అంకెలతోనే ఉండిపోయింది. మూడు వారాలు అలాగే పంపాను, ఒక్కరు కూడా అడగలేదు. చివరికి నేనే చూసుకుని సరిచేశాను. చెబితే తిడతారేమోనన్న భయం కన్నా, చెప్పినా ఎవరికీ పట్టదేమోనన్న బాధే ఎక్కువనిపించింది.

పన్నెండు దాటాక మేడమ్ పిలిచారు. ఒంటిగంటకు ఆవిడకు మీటింగ్. సరుకు మోసే లారీల వాళ్ళను మార్చాలా వద్దా అన్నది అక్కడ తేలాలి. "ఈ నెల ఆలస్యమైన ఆర్డర్లలో లారీల వల్ల ఎన్నయ్యాయి? అంతే చెప్పు," అన్నారు.

పద్నాలుగు పేజీలున్నాయి కదా, చిటికెలో చెబుతాననుకున్నాను. ఆలస్యాలు మొత్తం 61. ఏ రోజు ఎన్ని, ఏ ఊరికి ఎన్ని, సగటున ఎన్ని గంటలు, అన్నీ ఉన్నాయి. ఎందుకు ఆలస్యమయ్యాయన్నది మాత్రం రిపోర్టులో లేదు. సిస్టమ్‌లోకి వెళ్ళి వెతికితే కారణం రాసే గడి దొరికింది. 61లో 47 చోట్ల "ఇతరములు" అని ఉంది.

ఎందుకలా అయిందో అడగక్కర్లేదు, ఎంట్రీలు చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూశాను. కారణం ఎంచుకోకపోతే స్క్రీన్ ముందుకు కదలదు. జాబితాలో మొట్టమొదట ఉండేది "ఇతరములు". రాత్రి ఎనిమిదింటికి ఇంకా నలభై ఎంట్రీలు మిగిలి ఉన్నవాడు కిందికి దిగి సరైన కారణం వెతుకుతాడా? నేనైతే వెతకను.

గోదాంలో ఉండే అన్నకు ఫోన్ చేశాను. "ఆగు తమ్ముడూ," అని తన నోటుబుక్ తీశాడు. పది నిమిషాల్లో చదివేశాడు. అట్టపెట్టెలు రాక ఆగినవి 31. మన ఆఫీసులో సంతకం కోసం ఆగినవి 16. కొనేవాళ్ళే "వచ్చేవారం పంపండి" అన్నవి 8. లారీల వల్ల 6. ఆ ఎనిమిది అసలు ఆలస్యాలే కావు. తేదీ మార్చే వీలు సిస్టమ్‌లో ఎవరూ పెట్టలేదు కాబట్టి ఆలస్యం కింద పడ్డాయి. సంతకం కోసం ఆగిన పదహారూ ఎవరి టేబుల్ మీద ఆగాయో నేనూ అడగలేదు, అన్నా చెప్పలేదు.

మేడమ్ చీటీ మీద ఆ నాలుగు అంకెలే రాసుకుని వెళ్ళారు. లారీల వాళ్ళు ఇప్పటికి ఉంటారట. పెట్టెల సంగతి చూడమని ఇంకొకరికి చెప్పారు. పద్నాలుగు పేజీలూ టేబుల్ మీదే ఉండిపోయాయి.

సాయంత్రం మళ్ళీ పుస్తకం పట్టుకుంటే, మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో పరిశోధించిన హెర్బర్ట్ సైమన్ దగ్గర ఆగిపోయాను. నిర్ణయానికి ఆయన చెప్పిన మూడు దశలూ నాకు కంఠతా వచ్చు: ఇంటెలిజెన్స్, డిజైన్, ఛాయిస్. మొదటిదాన్ని ఇన్నాళ్ళూ తెలివి అనుకున్నాను. తెలివితో మొదలుపెట్టాలి, సరేలే అని వదిలేశాను. అది సైన్యంలో వాడే అర్థమట, అంటే వేగు. బయట ఏం జరుగుతోందో, ఎక్కడ నిర్ణయం అవసరమో కనిపెట్టుకు రావడం. ఇది ముందే ఎవరైనా తెలుగులో వేగు అని చెప్పి ఉంటే ఒక సెమిస్టర్ మిగిలేది. ఆ లెక్కన ఈ నెల మా ఆఫీసుకు వేగు తెచ్చింది గోదాం అన్న నోటుబుక్. నా రిపోర్టు ఊరి జనాభా లెక్కలు తెచ్చింది.

మేనేజ్‌మెంట్ పండితుడు రసెల్ ఆకాఫ్ 1967లో రాసిన వ్యాసం కూడా ఈరోజే పూర్తిగా చదివాను. ఎంఐఎస్‌లో ఇన్ఫర్మేషన్ బదులు మిస్ఇన్ఫర్మేషన్ అని పేరు పెట్టి ఎగతాళి చేశాడు. మేనేజర్లకు సమాచారం కొరత లేదని ఆయన అనలేదు. కొరత ఉంది, కానీ అంతకన్నా పెద్ద బాధ అక్కర్లేనిది కుప్పపడటమే అన్నాడు. ఏం కావాలని మేనేజర్‌ను అడిగితే లాభం లేదని కూడా అన్నాడు. తను ఏ నిర్ణయం ఎలా తీసుకుంటున్నాడో స్పష్టంగా తెలియనివాడు, ఎందుకైనా మంచిదని అన్నీ ఇమ్మంటాడు. మా పద్నాలుగు పేజీలు సరిగ్గా అలాగే పుట్టాయి. నేను చేరకముందు ఎవరో అందర్నీ పిలిచి ఏమేం కావాలని అడిగారట. అడిగినవన్నీ పెట్టారు. ఏ నిర్ణయానికి అని మాత్రం అడగలేదు.

ఒక్కటి మాత్రం నా పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు. ప్రతి బొమ్మలోనూ బాణాలు అడుగు నుంచి పైకి వెళ్తుంటాయి, అడుగున ఉన్న డేటా నిజమేనన్నట్టు. ఆ గడి నింపేవాడికి దానివల్ల ఏం ఒరుగుతుందని ఎవరూ అడగరు. గోదాం అన్న నోటుబుక్ ఎందుకు సరిగ్గా ఉంది? రేపు పొద్దున ఏ లారీలో ఏది ఎక్కించాలో చూసుకోవడానికి అది ఆయనకే కావాలి కాబట్టి. సిస్టమ్‌లో గడి ఆయనకు అక్కర్లేదు, మాకు కావాలి. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయో లేదో. పిరమిడ్ గీసి పక్కన రాస్తాను.

రాత్రి అన్నం తిన్నాక లాప్‌టాప్ తీసి, జాబితాలోంచి "ఇతరములు" తీసేయమని, లేదా కనీసం చివరికి పంపమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు టికెట్ పెట్టాను. కొనేవాళ్ళు వాయిదా అడిగితే తేదీ మార్చే వీలు కూడా కావాలని రెండు పేరాలు ఓపికగా టైపు చేశాను. పంపబోతే ఒక గడి నింపలేదని ఎర్రగా చూపించింది. టికెట్ రకం ఎంచుకోవాలట. నొక్కితే పొడుగాటి జాబితా దిగింది. అప్పటికే పదకొండు దాటింది, నిద్ర ముంచుకొస్తోంది. పైన ఏది ఉంటే అది నొక్కి పంపేశాను.

"ఇతరములు."