ఫౌండేషన్‌లో ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ పని: క్యాలెండర్, కోరం, మినిట్స్

కంపెనీల్లో ఎగ్జిక్యూటివ్ అసిస్టెంటుగా చేసి ఛారిటబుల్ ఫౌండేషన్‌కి మారినవాళ్లు మొదట తడబడేది క్యాలెండర్ దగ్గరే. ఇక్కడ డైరెక్టర్ టైమ్ అడిగేవాళ్లలో చాలామందికి చివరికి కావలసింది గ్రాంటే. కాబట్టి అపాయింట్‌మెంట్ ఇచ్చే ముందు ఒకటే చూడాలి: ఆ సంస్థ దరఖాస్తు ప్రస్తుతం పరిశీలనలో ఉందా? ఉంటే నిర్ణయం అయ్యేదాకా ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో (దరఖాస్తులు చూసే ఉద్యోగితో) మాట్లాడుకోమని చెప్పాలి. "ఐదు నిమిషాలే, మర్యాదకి కలిసి వెళ్తాం" అన్నా అదే జవాబు. ట్రస్టీ సిఫారసుతో వచ్చినా అదే జవాబు, కాకపోతే సిఫారసు వచ్చిన సంగతి ఫైల్లో రాసి పెట్టాలి.

అసలు శ్రమంతా బోర్డు మీటింగ్‌ది. నియమావళిలో వేరే గడువు లేకపోతే కాగితాలు 7 రోజుల ముందే ట్రస్టీలకు చేరేలా చూసుకోవాలి. అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్, మొదటి నుంచి చివరిదాకా ఒకే వరస పేజీ నంబర్లు. ప్రతి గ్రాంట్ ప్రతిపాదనకీ ముందు ఒక పేజీ: ఎంత, ఎన్నేళ్లకి, దేనికి, సిబ్బంది సిఫారసు ఏమిటి, బోర్డు ఏం తేల్చాలి. ఆలస్యంగా వచ్చే కాగితం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మధ్యలో దూర్చి మొత్తం మళ్లీ పంపితే నంబర్లు జరిగిపోతాయి. అప్పటికే ప్రింటు తీసి అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న ట్రస్టీ 35వ పేజీ అంటే, పక్కనున్నవారికి అది 37. కొత్త పేజీలకు 34అ, 34ఆ అని నంబర్లు వేసి అవి మాత్రమే విడిగా పంపితే సరిపోతుంది.

కోరం, అంటే నిర్ణయం చెల్లడానికి ఉండాల్సిన కనీస ట్రస్టీల సంఖ్య, మీటింగ్ మొత్తానికి ఒక్కసారి లెక్కవేసి వదిలేస్తే కుదరదు. ఏడుగురు ట్రస్టీలు, కోరం 4 అనుకుందాం. ఐదుగురు వచ్చారు, బాగానే ఉంది. మూడో అంశంలో గ్రాంట్ అడుగుతున్న సంస్థతో ఇద్దరికి సంబంధం ఉంది, వాళ్లు బయటికి వెళ్లారు. మిగిలింది ముగ్గురు. బయటికి వెళ్లినవాళ్లని కోరంలో లెక్కపెట్టకూడదని నియమావళిలో ఉంటే, ఆ నిర్ణయం చెల్లదు. అందుకే సంబంధాల వెల్లడి పత్రాలను అజెండాతో ముందే పోల్చి, ఒక్కో అంశానికీ ఎంతమంది మిగులుతారో లెక్కేసి ఛైర్‌పర్సన్‌కి చెప్పాలి. లోటు పడేలా ఉంటే ఇంకో ట్రస్టీని ఫోన్లో కలపడానికి నియమావళి ఒప్పుకుంటుందో లేదో అప్పుడే చూసుకోవాలి.

మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, ఎవరు ఏమన్నారన్నది అక్కర్లేదు. తీర్మానం మాటలు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, షరతులు, ఎవరు బయటికి వెళ్లారు, ఏ సమయానికి వెళ్లి ఏ సమయానికి తిరిగి వచ్చారు, ఇవి ఉండాలి. ఆడిటర్ వెతికేది వీటికోసమే. చిత్తుప్రతి రెండు రోజుల్లో ఛైర్‌పర్సన్‌కి వెళ్లిపోవాలి. వారం దాటితే "నేనలా అనలేదే" మొదలవుతుంది.

ఫలితాల ఉత్తరాలు పంపేటప్పుడు జరిగే ప్రమాదం మెయిల్ మర్జ్‌లో (జాబితాలోని పేర్లు, వివరాలు ఒకే నమూనా ఉత్తరంలో వాటంతట అవే నిండే పద్ధతిలో) ఉంటుంది. ఎక్సెల్‌లో మొత్తం టేబుల్ ఎంచుకోకుండా ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే పేర్లు ఒకచోట, ఫలితాలు మరోచోట పడతాయి. గ్రాంట్ రానివాళ్లకి అభినందనలు వెళ్లిపోతాయి. వచ్చినవాళ్లకో ఫైలు, రానివాళ్లకో ఫైలు విడిగా పెట్టి, ముందు మన సొంత ఈమెయిల్‌కి రెండు మూడు పంపి చూడాలి. ఒకే పేరుతో రెండు సంస్థలు ఉండటం మామూలే, కాబట్టి పేరుతో కాకుండా రిజిస్ట్రేషన్ నంబరుతో సరిపోల్చాలి.

వేరే దేశాల ట్రస్టీలుంటే మార్చి, అక్టోబర్ చివర జాగ్రత్త. వేసవి సమయం కోసం అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు ఆ రెండు చోట్ల మధ్య సమయం తేడా ఒక గంట మారుతుంది. వెనక్కి జరిగేటప్పుడు ఐరోపాది అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాది నవంబర్ మొదటి ఆదివారం. ఆహ్వానంలో ఇరువైపుల స్థానిక సమయాలూ రాయడమే మేలు.

ఇక డైరెక్టర్ పేరుతో "అర్జెంటుగా పంపండి, నేను మీటింగ్‌లో ఉన్నాను" అని వచ్చే మెయిళ్లు, గ్రాంట్ పొందిన సంస్థ బ్యాంకు ఖాతా మారిందంటూ వచ్చే మెయిళ్లు. రెండింటికీ మెయిల్లోనే రిప్లై ఇవ్వకూడదు, అందులో ఇచ్చిన నంబరుకీ ఫోన్ చేయకూడదు. మన ఫైల్లో పాత నంబరు ఉంటుంది, దానికే చేయాలి. ఎవరితో మాట్లాడారో, ఎప్పుడో రాసి, రెండో వ్యక్తి సంతకం తీసుకున్నాకే ఖాతా వివరాలు మార్చాలి.