క్యోటోలో ఒక పూట: దోషిషా యూనివర్సిటీ

సబ్‌వేలో ఇమాదెగావా స్టేషన్‌లో దిగితే దోషిషా యూనివర్సిటీ పక్కనే. రోడ్డుకు దక్షిణాన చక్రవర్తుల పాత రాజభవనం, క్యాంపస్‌కు ఉత్తరాన షోకొకుజి బౌద్ధాలయం. ఈ రెంటి నడుమ ఒక క్రైస్తవ విద్యాసంస్థ నిలదొక్కుకుందంటే మాటలు కాదు.

స్థాపకుడు నీజిమా జో. దేశం దాటితే ప్రాణాలకే ముప్పున్న రోజుల్లో, 1864లో, హకోదాతే రేవులో దొంగచాటుగా అమెరికా ఓడ ఎక్కాడు. ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి, 1875 నవంబర్ 29న క్యోటోలో ఒక అద్దె ఇంట్లో ఇంగ్లీషు బడి తెరిచాడు. తొలిరోజు పిల్లలు 8 మంది. ఇప్పుడున్న ఈ స్థలం దక్షిణ జపాన్‌లోని సత్సుమా సంస్థాన ప్రభువుల పాత నివాసానిది. దీన్ని ఆయన చేతికి అందించినవాడు యమమొతో కకుమా. చూపు పోయాక కూడా క్యోటో పాలనకు సలహాదారుగా ఉన్నాడాయన. నన్ను అడిగితే, ఈ సంస్థకు ఆయన పేరు కూడా నీజిమాతో సమానంగా వినిపించాలి.

1886 నాటి ప్రార్థనా మందిరం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎర్రటి ఇటుక గోడ, పైన గుండ్రటి కిటికీలో రంగుటద్దాలు. అక్కడికి దగ్గర్లోనే కొరియన్ కవి యున్ డోంగ్‌జు స్మారక శిల ఉంది. ఇక్కడ చదువుతుండగా 1943లో అరెస్టయి, 1945 ఫిబ్రవరిలో ఫుకుఒకా జైల్లో కన్నుమూశాడు. ఆయన కవిత కొరియన్‌లోనూ జపనీస్‌లోనూ చెక్కి ఉంది. చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు జైలు పాలవడం తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

ఆ పక్కనే హారిస్ సైన్స్ భవనం. అమెరికా దాత జొనాథన్ హారిస్ ఇచ్చిన లక్ష డాలర్ల విరాళంతో ఇక్కడ సైన్స్ చదువు మొదలైంది. 1890 జనవరిలో నీజిమా పోయేనాటికి ఆ భవనం ఇంకా పూర్తి కాలేదు. యూనివర్సిటీ కోసం విరాళాలు పోగు చేస్తూనే ఆరోగ్యం పాడు చేసుకున్న మనిషికి 46 ఏళ్లే. చట్టప్రకారం యూనివర్సిటీ హోదా దక్కింది 1920లో, సాహిత్యం, న్యాయశాస్త్రం అనే రెండు ఫ్యాకల్టీలతో, అంటే బోధనా విభాగాలతో.

ఇప్పుడా ఫ్యాకల్టీలు 14. యుద్ధానంతరం 1948లో కొత్త విశ్వవిద్యాలయ పద్ధతి వచ్చినప్పుడు వేదాంతశాస్త్రం విడి ఫ్యాకల్టీ అయింది. చిన్నదైనా దాన్ని అలాగే నిలుపుకోవడం నాకు గొప్పగా తోచింది. ఇంజనీరింగ్, జీవశాస్త్రాల వంటివి క్యోటోకు దక్షిణాన 1986లో తెరిచిన క్యోతనాబె క్యాంపస్‌లో ఉన్నాయి. ఆర్ట్స్, సోషల్ సైన్స్ పిల్లలు కూడా మొదట్లో కొన్నేళ్లు అక్కడే చదివి ఇక్కడికి వచ్చేవాళ్లు. 2013 నుంచి చాలామందికి నాలుగేళ్లూ ఇమాదెగావాలోనే. అందుకే మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఇటుక భవనాల మధ్య ఇసకేస్తే రాలనంత మంది కుర్రకారు.